చెయ్యి తగలని ఆట

సంస్మరణ సంచికకి ఒక పేజీ రాయమన్నారు.
ముప్పయ్యేళ్ళు ఆయన తీర్మానాలు రాసిన గుమాస్తాని కదా,
ఇట్టే రాసేస్తాననుకున్నారు.

పేరు: పొన్నాన తవిటయ్య.
ముందు ఇద్దరూ పురిట్లో పోతే
మూడోవాణ్ణి దోసెడు తవుడికి అమ్మి, మళ్ళీ కొన్నారు.
ఆ తవుడైనా మన సీమది కాదు,
మలయాలో, రబ్బరు తోట కూలీ లైన్ల అవతల
చీనావాడి కొట్లో అరువు తెచ్చింది.
"నా బతుకు అప్పుతోనే మొదలైందిరా" అని నవ్వేవాడు
బడ్జెట్ మీటింగు ఉన్నప్పుడల్లా.

పుట్టిన తేదీ: తెలీదు.
వాన ముదిరి చెట్లు పాలియ్యని రోజని
వాళ్ళమ్మ చెప్పేదట.
ఆమదాలవలస బళ్ళో పంతులు
జూలై ఒకటి అని వేసి చేతులు దులుపుకున్నాడు.

పదేళ్ళకి ఓడ దిగాడు.
తండ్రి అక్కడే మట్టిలో ఉండిపోయాడు.
తల్లి నెత్తిన రేకుపెట్టె,
వీడి చంకలో పేముతో అల్లిన బంతి.
మలై పిల్లలు నేర్పిన ఆట అది.
కాలు, మోకాలు, భుజం, తల, ఏదైనా సరే,
చెయ్యి తగిలిందా, పాయింటు పోయినట్టే.
చక్కెర మిల్లు గేటు ముందు
చెరుకు బళ్ళ ఎడ్లు నెమరేస్తుంటే
మా ఊరి గుంటలందరికీ ఆ గెంతులు వచ్చాయి.

సర్పంచి, సమితి ప్రెసిడెంటు,
రెండుసార్లు మునిసిపల్ చైర్మన్,
అసెంబ్లీకి మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓటమి,
ఆఖరిది నూట పదకొండు ఓట్లతో.
ఇవి పేజీలో పడతాయి.

పేజీలో పట్టనిది:
కటకంలో పోటీలకి
రాత్రి రెండింటి బండిలో, రిజర్వేషను లేని పెట్టెలో
పన్నెండుమంది కబడ్డీ ఆడపిల్లలు.
మరుగుదొడ్డి గుమ్మానికి అడ్డంగా తువ్వాలు పరుచుకుని
జిల్లా సంఘం అధ్యక్షుడు.
పలాసలో టీసీ బూటుకాలితో తట్టి లేపితే
జేబులోంచి చైర్మన్ కార్డు తియ్యలేదు,
డబ్బులు తీసాడు.

"పిల్లకొక గుడ్డు" అని నేను రాస్తే
ఒకటిని కొట్టేసి రెండు వేసాడు.
ఆ దిద్దుబాటుకి ఆడిటరు నాకిచ్చిన మెమో
ఇంకా నా పెట్టెలో ఉంది.

ఇదీ ఉంది:
తీర్మానం నలభై ఏడు.
మైదానం తూర్పు పక్క ముప్పైరెండు కొట్లు.
లాంగ్ జంప్ ఇసుక గొయ్యి ఉన్న చోట
ఇప్పుడు సెల్లుఫోన్లు బాగుచేస్తున్నారు.
వేలంలో మూలకొట్టు ఆయన బావమరిదికి పోయింది.
ఆ అద్దెల్తోనే మ్యాట్లు కొన్నాం,
బూట్లు కొన్నాం,
బగాది సన్యాసమ్మ మోకాలికి విశాఖలో ఆపరేషను చేయించాం.
రెండూ నిజాలే.
ఏది ముందు రాయాలో తేలక
మూడు కాగితాలు చింపాను.

ఆ రోజు సంతకం దగ్గర పెన్ను పైకెత్తి
చాలాసేపు ఆగాడు.
బల్ల మీద బిల్లులు ఎగరకుండా
వాటి నెత్తిన ఆ పేము బంతి.
"తగల్నీకుండా ఎలగాడతార్రా,
నువ్వెరుగుదువా?"
నేను సిరా అద్దే కాగితం ముందుకి జరిపాను.
అంతే నా జవాబు.

చివరికి, అందరికీ రాసినట్టే రాసాను:
'క్రీడాభివృద్ధికి ఎనలేని కృషి చేసారు.'
ఫోటోకి పైన అర పేజీ మిగిలింది,
ఎరువుల కొట్టువాళ్ళ ప్రకటన వేస్తామన్నారు.

సాయంత్రం ఆఫీసు తాళం వేసి
బంతిని మైదానానికి పట్టుకెళ్ళాను.
రెండుచోట్ల పేము చిట్లిపోయింది.
పచ్చ నిక్కరు పిల్లొకతి పరిగెత్తుకొచ్చి
"తాతా, ఇదేటి?" అంది.
గడ్డిలో దొర్లించాను.

అది ముందు చేత్తోనే ఎత్తింది.
నేనేమీ అనలేదు.